రాగి లాటిస్ 4.0 దగ్గరే ఎందుకు ఆగిపోయింది? (మెటీరియల్స్ సిమ్యులేషన్, పైథాన్ టూల్స్)

చిన్నిస్ఫటికం
అందరికీ నమస్కారం. కంప్యుటేషనల్ మెటీరియల్స్‌లో కొత్తగా పీహెచ్‌డీలో చేరాను. పైథాన్ బాగానే వచ్చు, క్వాంటమ్ మెకానిక్స్ మాత్రం సగం గుర్తుంది, సగం ఆవిరైపోయింది. మా గైడ్ "ఏఎస్‌ఈ, పైమాట్‌జెన్ చూసుకో" అని రెండు పైథాన్ లైబ్రరీల పేర్లు చెప్పి కాన్ఫరెన్సుకి వెళ్లిపోయారు. వారం నుంచి డాక్యుమెంటేషన్ తిరగేస్తున్నా, రెండూ ఒకటే పని చేస్తున్నట్టున్నాయి, పైగా ప్రతి పేజీలో ఇంకో పది టూల్స్ పేర్లు తగులుతున్నాయి.

సరే చేసి చూద్దామని ఏఎస్‌ఈలో రాగి తీసుకున్నాను. అసలు లాటిస్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి, అంటే సెల్, దాని అంచు పొడవు) 3.61 ఆంగ్‌స్ట్రామ్‌లని తెలుసు కాబట్టి కావాలనే 4.0 పెట్టి, ఈఎమ్‌టీ కాలిక్యులేటర్ (ఎనర్జీ, ఫోర్సులు లెక్కేసే తేలిక మోడల్) తగిలించి, బీఎఫ్‌జీఎస్ అనే ఆప్టిమైజర్‌తో ఆప్టిమైజ్ చేశా. మెల్లగా 3.61కి దిగుతుందని చూస్తూ కూర్చుంటే సున్నా స్టెప్పులోనే పని అయిపోయిందని ఆగిపోయింది. లాటిస్ 4.0లోనే ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు.

తర్వాత లాటిస్ నేనే 3.61 చేసి 300 కెల్విన్ దగ్గర ఎమ్‌డీ (మాలిక్యులర్ డైనమిక్స్, అంటే యాటమ్స్ కదలికల సిమ్యులేషన్) నడిపాను. టైమ్‌స్టెప్ 5 ఇచ్చాను, అంటే 5 ఫెమ్టోసెకన్లు. కాసేపట్లోనే టెంపరేచర్ లక్షల్లోకి పోయింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు వీటిలో ముందు ఏది నేర్చుకోవాలి?

పాతకాపు
మీ మొదటి ప్రశ్న నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఇందులో ప్రోగ్రామ్ తప్పేమీ లేదు. మీరు అడిగింది అది చేసింది. బీఎఫ్‌జీఎస్‌కి మీరు ఇచ్చింది యాటమ్స్ ఆబ్జెక్ట్ ఒక్కటే, అది యాటమ్స్ పొజిషన్లను కదుపుతుంది తప్ప సెల్‌ని ముట్టుకోదు. పర్ఫెక్ట్ ఎఫ్‌సీసీలో (ఘనం మూలల్లో, ముఖాల మధ్యలో యాటమ్స్ ఉండే రాగి అమరిక) ప్రతి యాటమ్‌కీ అన్ని వైపులా ఒకేలాంటి పొరుగువాళ్లు, ఒకరు లాగింది ఇంకొకరు లాగినదానితో కొట్టుకుపోతుంది, మొత్తం ఫోర్స్ సున్నా. లాటిస్ 4.0 అయినా 5.0 అయినా సున్నానే. ఫోర్స్ సున్నా కనిపించగానే ఆప్టిమైజర్ "నాకిక్కడ పనేం లేదు" అని వెళ్లిపోయింది.

సెల్ కూడా కదలాలంటే యాటమ్స్‌ని ఒక సెల్ ఫిల్టర్‌లో చుట్టి ఆ ఫిల్టర్‌ని ఆప్టిమైజర్‌కి ఇవ్వాలి. ఇప్పుడు వాడాల్సింది ఫ్రెషే సెల్ ఫిల్టర్. ఏఎస్‌ఈ 3.23 నుంచి ఇవి ఫిల్టర్స్ అనే మాడ్యూల్‌లో ఉన్నాయి, పాత ట్యుటోరియల్స్ కన్‌స్ట్రెయింట్స్ మాడ్యూల్ నుంచి ఇంపోర్ట్ చేస్తుంటాయి, అది చూసి కంగారు పడకండి. చుట్టాక మళ్లీ నడపండి, 3.6 దగ్గరికి దానంతటదే దిగుతుంది. అలవాటుగా ప్రతి ఆప్టిమైజేషన్ తర్వాత ఫోర్సులతో పాటు స్ట్రెస్ కూడా ప్రింట్ చేయండి. మీ 4.0 రాగిలో ఫోర్స్ సున్నా ఉన్నా స్ట్రెస్ భారీగా ఉంటుంది, అక్కడే దొరికిపోయేది.

ఇంకో మాట. ఈఎమ్‌టీ బొమ్మ కారు లాంటిది. అల్యూమినియం, రాగి, వెండి, బంగారం, నికెల్, పల్లాడియం, ప్లాటినం, ఈ ఏడింటి వరకు పర్వాలేదు, నేర్చుకోవడానికి బాగుంటుంది. పేపర్లో పెట్టే నంబర్ దాంతో తీయకండి.

యూనిట్ల_బాధితుడు
ఎమ్‌డీ ప్రశ్నకి నేను చెప్తాను, నా పేరు చూస్తే అర్థమవుతుంది కదా.

ఏఎస్‌ఈలో ఎనర్జీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో, మాస్ అటామిక్ మాస్ యూనిట్లలో. ఈ మూడూ పెట్టుకున్నాక టైమ్ యూనిట్ మనం ఎంచుకునేది కాదు, వాటి నుంచి పుట్టుకొచ్చేదే. అది ఫెమ్టోసెకండ్ కాదు, దాదాపు 10.18 ఫెమ్టోసెకన్లు. మీరు 5 అని రాస్తే అది సుమారు 51 ఫెమ్టోసెకన్లుగా తీసుకుంది. అంత పెద్ద అడుగులేస్తే కొద్ది స్టెప్పుల్లోనే యాటమ్స్ పక్కవాళ్ల మీదకి ఎక్కేస్తాయి, ఇక పేలక ఏం చేస్తుంది. 5 ని యూనిట్స్ మాడ్యూల్‌లో ఉన్న ఎఫ్‌ఎస్‌తో గుణించి ఇవ్వండి, అంతే.

నా కథ ఇంకా ఘోరం. రాగి బల్క్ మాడ్యులస్ 140 గిగాపాస్కల్స్ దగ్గర రావాలి, నాకు 0.87 వచ్చింది. మూడు రోజులు ఫిట్టింగ్ కోడ్ తిరగరాశాను, రాత్రుళ్లు నిద్ర లేదు. చివరికి చూస్తే జవాబు సరైనదే, అది ఎలక్ట్రాన్ వోల్ట్ పర్ క్యూబిక్ ఆంగ్‌స్ట్రామ్‌లో ఉంది, 160.2తో గుణిస్తే గిగాపాస్కల్స్. మూడు రోజుల టెన్షన్‌కి ఒక గుణకారం!

వీఏఎస్‌పీ (క్వాంటమ్ మెకానిక్స్‌తో ఎనర్జీ లెక్కేసే ప్రోగ్రామ్) వాడేటప్పుడు స్ట్రెస్ కిలోబార్‌లో ఇస్తుంది, గుర్తు ఏఎస్‌ఈకి తిరగబడి ఉంటుంది, షియర్ కాంపొనెంట్ల వరస కూడా వేరు: అది ఎక్స్‌వై, వైజెడ్, జెడ్‌ఎక్స్ అని రాస్తే ఏఎస్‌ఈ వైజెడ్, ఎక్స్‌జెడ్, ఎక్స్‌వై అని పెట్టుకుంటుంది. ఏఎస్‌ఈ ద్వారా చదివితే అదే సర్దుతుంది, మీరే ఫైల్ చదివి పార్సర్ రాసుకుంటే మాత్రం జాగ్రత్త. మా ల్యాబ్‌లో ఒకరు క్వాంటమ్ ఎస్ప్రెస్సోకి (అలాంటిదే ఇంకో ప్రోగ్రామ్) కటాఫ్, అంటే లెక్క ఎంత సూక్ష్మంగా ఉండాలో చెప్పే ఎనర్జీ, 400 ఇచ్చారు, ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుని. అది రిడ్‌బర్గ్‌లు తీసుకుంటుంది, ఒక్క రిడ్‌బర్గ్ అంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు యాటమ్స్ సిలికాన్ లెక్కకి అంత సేపు పట్టడం నేనెక్కడా చూడలేదు.

చిన్నిస్ఫటికం
పాతకాపు గారూ, బాధితుడు గారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రెండూ పనిచేశాయి. లాటిస్ కిందికి దిగింది, ఎమ్‌డీ పేలలేదు.

కానీ ఇప్పుడు ఇంకో వింత. 300 కెల్విన్‌కి వెలాసిటీలు ఇచ్చి వెలాసిటీ వెర్లే (థర్మోస్టాట్ లేని ఎమ్‌డీ) నడిపాను. కాసేపటికే 150 దగ్గరకి పడిపోయి అక్కడే ఊగుతోంది. మళ్లీ యూనిట్లేనా?

పాతకాపు
కాదండీ, ఇది ఫిజిక్స్. యాటమ్స్ అన్నీ మొదట లాటిస్‌లో సరిగ్గా తమ చోట్లలో ఉన్నాయి, అంటే పొటెన్షియల్ ఎనర్జీ కనిష్టంలో ఉంది, మీరు పోసిందంతా కైనెటిక్. కదలడం మొదలవగానే అందులో సగం పొటెన్షియల్‌కి వెళ్తుంది, ఈక్విపార్టిషన్. బయట నుంచి ఎనర్జీ ఇవ్వట్లేదు కాబట్టి సగం టెంపరేచర్ దగ్గర స్థిరపడుతుంది. 300 కావాలంటే 600తో మొదలుపెట్టండి, లేదా లాంజెవాన్ లాంటి థర్మోస్టాట్ పెట్టండి. థర్మోస్టాట్ లేకుండా నడిపినప్పుడు మొత్తం ఎనర్జీ నిలకడగా ఉందా లేదా చూడండి, టైమ్‌స్టెప్ సరిపోయిందని చెప్పేది అదే.

స్ఫటికశాస్త్రి
ఏది ముందు నేర్చుకోవాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది, అది నేను అందుకుంటా. రెండూ ఒకటే పని చేస్తాయనుకోవడం మొదట్లో అందరికీ అనిపించేదే.

ఏఎస్‌ఈ పుట్టింది డెన్మార్క్‌లో, టెక్నికల్ యూనివర్సిటీ ఆఫ్ డెన్మార్క్‌లో. దాని మనసంతా "ఈ యాటమ్స్‌ని కదుపు, ఎవరో ఒకరిని ఎనర్జీ అడుగు" అన్నదాని మీదే ఉంటుంది. కాలిక్యులేటర్ ఎవరైనా కావచ్చు, జీపా, ఎస్ప్రెస్సో, వీఏఎస్‌పీ, ల్యాంప్స్, పైన మీ స్క్రిప్ట్ పెద్దగా మారదు. పైమాట్‌జెన్ మెటీరియల్స్ ప్రాజెక్ట్ (పదార్థాల లెక్కల ఆన్‌లైన్ డేటాబేస్) వైపు నుంచి వచ్చింది, పేపర్ 2013లో. దాని మనసు డేటా మీద: ఈ స్ఫటికం ఏమిటి, దీని సిమెట్రీ ఏమిటి, ఆక్సిడేషన్ స్టేట్లు ఏమిటి, ఫేజ్ డయాగ్రామ్‌లో ఎక్కడ నిలుస్తుంది. ఒక సైట్‌లో సగం ఇనుము సగం నికెల్ అన్న డిజార్డర్డ్ స్ట్రక్చర్ పైమాట్‌జెన్‌కి మామూలు విషయం, ఏఎస్‌ఈ యాటమ్స్‌లో ఒక చోట ఒక మూలకమే కూర్చుంటుంది. కాబట్టి సీఐఎఫ్ ఫైల్ (స్ఫటిక నిర్మాణం రాసి ఉండే ఫైల్) ఎక్కడినుంచైనా తెచ్చుకుంటే ముందు అందులో పాక్షిక ఆక్యుపెన్సీలు ఉన్నాయా అని పైమాట్‌జెన్‌తో చూసి, తర్వాతే ఏఎస్‌ఈకి పంపండి. ఆ రెండింటి మధ్య అడాప్టర్ ఉంది, ఒక్క లైన్ పని.

సిమెట్రీ దగ్గర మాత్రం ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. రెండిటి వెనకా లెక్కేసేది ఎస్‌పీజీలిబ్ అనే సీ లైబ్రరీనే. నేరుగా పిలిస్తే దాని డీఫాల్ట్ టాలరెన్స్ 0.00001, పైమాట్‌జెన్ అనలైజర్ ద్వారా వెళ్తే 0.01. రిలాక్స్ అయిన స్ట్రక్చర్లో పొజిషన్లు నాలుగో దశాంశంలో అటూ ఇటూ అవుతాయి, ఒకటి క్యూబిక్ అంటుంది, ఇంకోటి ట్రైక్లినిక్ అంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మీరడిగిన ప్రశ్నే వేరు. స్పేస్ గ్రూప్ రాసిన ప్రతిచోటా పక్కన టాలరెన్స్ రాయండి.

నా సలహా: నెల రోజులు ఏఎస్‌ఈ ఒక్కటే. పైమాట్‌జెన్ అవసరం దానంతటదే వస్తుంది.

రాత్రిజాబులు
అందరూ సైన్స్ చెప్తున్నారు, నేను ప్లంబింగ్ చెప్తా.

1 ప్రాజెక్ట్‌కి 1 ఎన్విరాన్‌మెంట్. అన్నీ బేస్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు 2024 జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చినప్పుడు ఏడ్చారు, పాత నమ్‌పైకి కంపైల్ అయిన లైబ్రరీలన్నీ ఒకేసారి అడ్డం తిరిగాయి. విండోస్ మీద ఉంటే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లినక్స్) వేసుకోండి, కాండా-ఫోర్జ్ నుంచి జీపా తెచ్చుకోండి, మీరే కంపైల్ చేయాలన్న పంతం మొదటి నెలలో వద్దు.

జాబ్ విచిత్రంగా స్లోగా ఉంటే ముందు ఓఎమ్‌పీ నమ్ థ్రెడ్స్ (ఒక్కో ప్రాసెస్ ఎన్ని థ్రెడ్లు తెరవాలో చెప్పే వేరియబుల్) చూడండి. 16 కోర్ల నోడ్ మీద 16 ఎమ్‌పీఐ ప్రాసెస్‌లు పెట్టి ఆ వేరియబుల్ 1 చేయడం మర్చిపోతే, ఒక్కో ప్రాసెస్ వెనక ఉన్న లీనియర్ ఆల్‌జీబ్రా లైబ్రరీ మళ్లీ 16 థ్రెడ్లు తెరవొచ్చు, 256 మంది 16 కుర్చీల కోసం కొట్టుకుంటారు. ఇది సరిచేసినందుకే నన్ను మేధావి అనుకున్నవాళ్లున్నారు.

వర్క్‌ఫ్లో టూల్స్, అంటే జాబ్‌ఫ్లో, అటమేట్2, ఏఐడా. ఇవి మొదటి రోజు మొదలెట్టకండి. యాభై లెక్కలకి మంచి ఫోల్డర్ పేర్లు, ఒక ఫర్ లూప్ చాలు. ఐదు వేలు అయినప్పుడు, ఏ ఇన్‌పుట్ నుంచి ఏ అవుట్‌పుట్ వచ్చిందో మీకే గుర్తు లేనప్పుడు అప్పుడు ఏఐడా విలువ తెలుస్తుంది, అది ప్రతి లెక్క వంశవృక్షాన్ని దాచిపెడుతుంది.

మెషిన్‌లర్నర్_7
2013 నాటి పాఠాలే చెప్తున్నారు అందరూ 🙂 ఇప్పుడు యూనివర్సల్ పొటెన్షియల్స్ (ఎనర్జీ, ఫోర్సులు ఊహించే మెషిన్ లర్నింగ్ మోడళ్లు) ఉన్నాయి కదా. 2022లో ఎమ్3జీనెట్, 2023లో సీహెచ్‌జీనెట్, ఆ వెంటనే మేస్-ఎమ్‌పీ-0. ఏఎస్‌ఈ కాలిక్యులేటర్‌గానే తగిలించుకోవచ్చు. ఈఎమ్‌టీలో ఏడు లోహాలైతే వీటికి దాదాపు మొత్తం పీరియాడిక్ టేబుల్. డీఎఫ్‌టీలో (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, వీఏఎస్‌పీ లాంటివి చేసే క్వాంటమ్ లెక్క) రోజంతా పట్టే రిలాక్సేషన్ నిమిషాల్లో అవుతుంది. చిన్నిస్ఫటికం, మీరు నేరుగా మేస్‌తో మొదలుపెట్టండి.

సందేహాలరావు
మొదలుపెట్టమనడం బానే ఉంది గానీ ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి కదా బ్రో.

ఒకటి, అవి నేర్చుకున్నది మెటీరియల్స్ ప్రాజెక్ట్ రిలాక్సేషన్ల నుంచి తీసిన డేటా, సీహెచ్‌జీనెట్, మేస్‌ల విషయంలో సుమారు 15.8 లక్షల స్ట్రక్చర్లు. రిలాక్సేషన్ అంటేనే సమతుల్యానికి దగ్గర్లో తిరిగే దారి. యాటమ్స్ బాగా దూరం జరిగిన చోట, సర్ఫేస్‌లు, డిఫెక్టులు, ఒక యాటమ్ పక్క ఖాళీలోకి దూకే మధ్య స్థితి, ఇవి తక్కువ. అందుకే ఈ మోడళ్లలో ఎనర్జీ లోయలు ఉండాల్సినదానికన్నా మెత్తగా వస్తున్నాయని, ఫోర్సులు తక్కువగా చెప్తున్నాయని 2024లో చూపించారు. లోయ మెత్తబడితే ఫోనాన్ (స్ఫటికంలో యాటమ్స్ కంపనాల) ఫ్రీక్వెన్సీలు కూడా దిగుతాయి.

రెండు, అవి పీబీఈని (డీఎఫ్‌టీలో ఎక్కువగా వాడే ఉజ్జాయింపు) అనుకరిస్తాయి, ప్రకృతిని కాదు. పీబీఈలో సిలికాన్ లాటిస్ 5.47 వస్తుంది, ప్రయోగంలో 5.43. మంచి మోడల్ అంటే 5.47 చెప్పేది. గ్రాఫైట్ పొరల మధ్య పట్టు పీబీఈలో దాదాపు లేదు, కాబట్టి డిస్పర్షన్ (యాటమ్స్ మధ్య దూరం నుంచి పనిచేసే బలహీన ఆకర్షణ) విడిగా కలపకపోతే మోడల్‌కీ ఉండదు. మేస్‌లో ఆ ఆప్షన్ ఉంది, డీఫాల్ట్‌గా ఆఫ్.

మూడు, కోడ్‌కి ఒక లైసెన్సు, మోడల్ వెయిట్స్‌కి ఇంకో లైసెన్సు ఉండటం ఈ మధ్య మామూలైపోయింది. కంపెనీలో పనిచేసేవాళ్లు డౌన్‌లోడ్ చేసేముందు ఆ ఫైల్ చదవండి.

మెషిన్‌లర్నర్_7
ఒప్పుకుంటా, రెండో పాయింట్ నేనే చాలామందికి చెప్తుంటాను. అయినా నేను డీఎఫ్‌టీ మానేయమనలేదుగా. ముందు మేస్‌తో రిలాక్స్ చేసి, ఆ స్ట్రక్చర్‌ని డీఎఫ్‌టీకి ఇస్తే అక్కడ స్టెప్పులు బాగా తగ్గుతాయి. వంద క్యాండిడేట్ల నుంచి పది ఏరడానికి వాడండి, ఆ పదింటి నంబర్ డీఎఫ్‌టీది పెట్టండి. మెత్తదనం గురించి కూడా, మీ పదార్థం మీద కొద్ది డీఎఫ్‌టీ డేటా తీసి ఫైన్‌ట్యూన్ చేస్తే చాలావరకు పోతుంది, ఆ 2024 పనిలోనే ఆ మాట ఉంది.

ఫోనాన్‌ప్రియ
ఫోనాన్ల మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. ఫోనోపీ (ఫోనాన్లు లెక్కేసే టూల్) గ్రాఫ్‌లో మైనస్ ఫ్రీక్వెన్సీలు కనిపించగానే "మా మెటీరియల్ అన్‌స్టేబుల్" అని మెయిల్ పెట్టేవాళ్లు వారానికి ఒకరు తగులుతారు. ఆ మైనస్ అసలు ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ, గీయడానికి వీలుగా మైనస్‌లో చూపిస్తారు. అది నిజమైన అస్థిరత కావచ్చు. కానీ ముందు మీ తప్పులు చూసుకోండి.

రిలాక్సేషన్‌లో ఫోర్స్ లిమిట్ 0.05 దగ్గర ఆపేశారా? ఆప్టిమైజర్ డీఫాల్ట్ అదే, ఫోనాన్లకి అది చాలదు, 0.001 లేదా ఇంకా కిందికి వెళ్లాలి. ఫోనోపీ యాటమ్‌ని కదిపేది 0.01 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే, అంత చిన్న కదలికకి పుట్టే ఫోర్స్‌ని, ముందే మిగిలిపోయిన ఫోర్స్ మింగేస్తుంది. సూపర్‌సెల్ (గడిని పక్కపక్కన పేర్చిన పెద్ద సెల్) చిన్నదా? పెంచి చూడండి. మేస్ వాడితే ప్రెసిషన్ ఫ్లోట్64 పెట్టారా? ఫ్లోట్32 ఎమ్‌డీకి ఓకే, ఇక్కడ నాయిస్ కనిపిస్తుంది. ఉప్పు లాంటి అయానిక్ పదార్థమైతే బోర్న్ చార్జీలిచ్చి నాన్-అనలిటికల్ కరెక్షన్ వేయాలి, లేకపోతే గామా (జోన్ మధ్య బిందువు) దగ్గర లాంగిట్యూడినల్, ట్రాన్స్‌వర్స్ ఆప్టికల్ మోడ్‌లు విడిపోవు.

ఇవన్నీ చేశాక కూడా జోన్ అంచున మైనస్ మొండిగా ఉంటే, అప్పుడు సంతోషించండి, నిజంగానే ఏదో దొరికింది. ఆ మోడ్ వెంట యాటమ్స్‌ని కొద్దిగా నెట్టి మళ్లీ రిలాక్స్ చేస్తే తక్కువ సిమెట్రీ ఉన్న అసలు స్ట్రక్చర్‌కి చేరొచ్చు.

స్ఫటికశాస్త్రి
ఇంకొక్కటి చెప్పి వెళ్తా, మర్చిపోతాను. మెటీరియల్స్ ప్రాజెక్ట్ నుంచి ఎనర్జీ దించుకుని, మీ సొంత లెక్క ఎనర్జీ పక్కన పెట్టి తీసేయకండి. వాళ్లు పీబీఈ లెక్కల్లో కోబాల్ట్, క్రోమియం, ఇనుము, మాంగనీస్, మాలిబ్డినం, నికెల్, వెనేడియం, టంగ్‌స్టన్ ఉన్న ఆక్సైడ్లకి, ఫ్లోరైడ్లకి హబర్డ్ యూ (ఆ లోహాల డీ ఎలక్ట్రాన్ల కోసం చేసే సవరణ) వేస్తారు, పైగా కరెక్షన్లు కలుపుతారు. సూడోపొటెన్షియల్ (లోపలి ఎలక్ట్రాన్ల బదులు పెట్టే నమూనా) మారితే మొత్తం ఎనర్జీ సున్నా స్థానమే మారుతుంది. పోల్చాలంటే రెండూ ఒకే సెట్టింగ్స్‌తో మీరే చేయాలి. సెట్టింగ్స్ సమానంగా ఉంటే కోడ్ ఏదన్నది పెద్ద విషయం కాదు, 2016లో సైన్స్ పత్రికలో 15 కోడ్‌లు, 71 మూలకాల స్ఫటికాలు పెట్టి పోల్చారు, ఇప్పటి కోడ్‌లు దాదాపు ఒకే మాట చెప్పాయి.

చిన్నిస్ఫటికం
రెండు వారాల తర్వాత తిరిగొచ్చా. జీపా ఎక్కింది, థ్రెడ్స్ 1 చేశాను (రాత్రిజాబులు గారికి దండం). మా గైడ్ ఇనుము ఇచ్చారు, బీసీసీ (ఘనం మూలల్లో, మధ్యలో యాటమ్స్ ఉండే అమరిక). సీఐఎఫ్ నుంచి చదివాను, కటాఫ్, కే-పాయింట్లు (ఇవీ లెక్క సూక్ష్మతని తేల్చేవే) రెండూ పెంచుతూ కన్వర్జ్ చేశాను, సెల్ ఫిల్టర్ పెట్టాను, స్ట్రెస్ కూడా ప్రింట్ చేశాను, సున్నా దగ్గరే ఉంది. అయినా లాటిస్ ప్రయోగంలోని 2.87 కన్నా బాగా తక్కువ వస్తోంది. ఇనుముకి పీబీఈలో కొంచెం తక్కువ రావడం మామూలేనని చదివాను, కానీ ఇంతనా? స్పిన్ పోలరైజ్డ్ ఆన్ చేశాను కూడా. మాగ్నెటిక్ మొమెంట్ సరిగ్గా 0.000.

పాతకాపు
మొదటి రోజు మీ రాగికి ఏమైందో ఒకసారి గుర్తు తెచ్చుకుని, ఇనుముకి మొదట్లో మొమెంట్ ఎంత ఇచ్చారో చెప్పండి.

చిన్నిస్ఫటికం
ఏమీ ఇవ్వలేదు... ఓహ్. పైకి ఉన్న స్పిన్‌లూ కిందికి ఉన్నవీ సరిగ్గా సమానంగా మొదలయ్యాయి, ఎటు వంగాలో చెప్పేవాళ్లే లేరు, కాబట్టి సున్నాలోనే కూర్చుంది. రాగిలో ఫోర్స్ సున్నా అయినట్టే!

పాతకాపు
అంతే. యాటమ్‌కి 2.3 పెట్టి మొదలుపెట్టండి. ఏఎస్‌ఈ బల్క్ ఫంక్షన్‌తో ఇనుము కట్టి ఉంటే అదే పెట్టేది, సీఐఎఫ్‌లో ఆ సమాచారం లేదు కాబట్టి మీకు రాలేదు.

చిన్నిస్ఫటికం
2.2 బోర్ మాగ్నెటాన్‌లు వచ్చింది!! లాటిస్ కూడా 2.83కి పెరిగింది. గైడ్‌కి చూపించాను, చూసి "సరే, ఇక క్రోమియం చెయ్" అన్నారు.

పాతకాపు
అది యాంటీఫెర్రో, పక్కపక్క యాటమ్స్ మొమెంట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒక్క యాటమ్ ప్రిమిటివ్ సెల్‌లో అది పట్టదు, రెండు యాటమ్‌ల క్యూబిక్ సెల్ తీసుకుని ఒకదానికి ప్లస్, ఒకదానికి మైనస్ ఇవ్వండి. ఇరుక్కుంటే కొత్త థ్రెడ్ తెరవండి, ఇది ఇప్పటికే బారెడైంది.